రోటర్‌కి కరెంటు ఎవరిచ్చారు?

ప్రశ్న: మేడం, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. మాది సరూర్‌నగర్. తొమ్మిదో తరగతిలో ఉండగా చంద్రయాన్-3 దిగడం టీవీలో చూసి, రాకెట్ సైంటిస్టునవుతానని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ తర్వాత క్వాంటమ్ కంప్యూటర్ల గురించి చదివి అది రాశాను. తర్వాత జీన్ ఎడిటింగ్, మెదడులో పెట్టే చిప్, ఫ్యూజన్... ఇప్పుడు అందులో పదకొండు కలలున్నాయి. మా నాన్నకి మోటారు వైండింగ్ షాపు ఉంది. రిమోట్ ఫ్యాన్లు వచ్చాక పని తగ్గిందని, నన్ను మాత్రం సీఎస్‌ఈ చదివి ఏసీలో కూర్చునే ఉద్యోగం చూసుకోమంటున్నాడు. మా పెద్దనాన్న కొడుకు, అన్నయ్య, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. కోడింగ్ అంతా ఏఐనే రాసేస్తోంది, ఇక మీ బ్యాచ్‌కి ఏమీ మిగలదు అంటాడు. సైన్స్ చదివినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. ఆదివారాలు షాపులో కాలిపోయిన కాయిళ్ళ చుట్లు లెక్కపెట్టి రాసే పని తప్ప నాకు ప్రాక్టికల్‌గా ఏమీ రాదు. ఏది ఎంచుకోవాలి? ఇలా కలలు మారిపోవడం నా లోపమా?
- ఒక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: అమ్మాయ్, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. కలలు మారడం లోపమేమీ కాదు. నీ వయసులో ఎవరికైనా మారతాయి. ఆ సంగతి వదిలెయ్.

ఉత్తరంలో నా చూపు ఆగింది ఆ పదకొండు కలల దగ్గర కాదు, చుట్లు లెక్కపెట్టే పని గురించి తేలిగ్గా తీసిపారేసినట్టు రాశావే, అక్కడ. కాలిపోయిన మోటారు విప్పి, నల్లగా మాడిన రాగితీగని ఒక్కో చుట్టుగా లెక్కపెట్టి, గేజి చూసి, స్టార్టింగ్ కాయిల్‌కి ఇన్ని, రన్నింగ్ కాయిల్‌కి ఇన్ని అని పుస్తకంలో ఎక్కించడానికి ఎంత ఓపిక కావాలి! మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదటికి వస్తావు. పోనీలే అని అంచనాగా ఓ అంకె వేసేస్తే ఏమవుతుందో నీకూ తెలుసు. చుట్లు తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, వారం తిరక్కుండా మళ్ళీ మీ షాపు గుమ్మంలో ఉంటుంది. తోటి పిల్లలంతా ఫోన్లు చూసుకుంటూ గడిపే ఆదివారం పూట నువ్వు ఈ పని చేస్తున్నావు. విసుగ్గా ఉందని మాత్రం ఎక్కడా రాయలేదు. నీ కెరీర్ గురించి నేను చెప్పబోయేదంతా ఇక్కడే మొదలవుతుంది.

నీ నోట్‌బుక్‌లో ఉన్నవన్నీ వార్తలు. ఏ పనైనా వార్తగా మనదాకా వచ్చేది దాని చివరి రోజున. 2023 ఆగస్టు 23 సాయంత్రం ల్యాండర్ చంద్రుడి మీద దిగడం చూశావు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయాక నాలుగేళ్ళపాటు ఆ డేటా ముందేసుకుని ఎక్కడ తేడా కొట్టిందో వెతికినవాళ్ళని, ల్యాండర్ కాళ్ళు మరింత గట్టిగా చేసి మళ్ళీ మళ్ళీ పరీక్షించినవాళ్ళని ఏ టీవీ రోజూ చూపించలేదు. దిగిన సాయంత్రం అందరికీ నచ్చుతుంది. ఆ నాలుగేళ్ళ పని నీకు నచ్చుతుందా అన్నదే ఆలోచించాల్సింది.

మన ఊళ్ళోనే దీనికో పాత ఉదాహరణ ఉంది. బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దగ్గర రోనాల్డ్ రాస్ పేరుతో ఒక భవనం ఉంది, చూశావో లేదో. 1897లో రాస్ సికింద్రాబాద్‌లో మిలటరీ డాక్టరు. మలేరియా దోమ వల్ల వస్తుందన్న అనుమానంతో, హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి దోమలతో కుట్టించేవాడు. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చేవాడు. తర్వాత ఆ దోమల్ని ఒక్కొక్కటే కోసి మైక్రోస్కోపు కింద అణువణువూ గాలించేవాడు. ఉక్కపోస్తున్నా పంకా వేయించుకునేవాడు కాదు, గాలికి దోమలు ఎగిరిపోతాయని! అప్పటికి రెండేళ్ళుగా దోమలు కోస్తూనే ఉన్నాడు, ఏమీ దొరకలేదు. ఎందుకంటే అన్నాళ్ళూ ఆయన కోసినవి మనుషులకి మలేరియా మోసే రకమే కాదు. చివరికి ఆగస్టు 20న ఒక అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో ఆ పరాన్నజీవి కనబడింది. 1902లో నోబెల్ వచ్చింది. నాకైతే ఆ నోబెల్ కన్నా హుసేన్ ఖాన్ అణాల లెక్కే ఎక్కువ గుర్తుంటుంది.

ఇక మీ అన్నయ్య మాట. అందులో సగం నిజముంది.

అదే బేగంపేటలో 1908 నుంచి నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. ఆకాశాన్ని దేశాలు వాటాలుగా పంచుకుని, ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే అంతర్జాతీయ పనిలో హైదరాబాద్‌కీ వాటా దక్కింది. గాజు పలకల మీద పడ్డ చుక్కల్ని ఒక్కొక్కటిగా కొలిచి, ఏడున్నర లక్షలకి పైగా నక్షత్రాల స్థానాలు ఇక్కడివాళ్ళు నమోదు చేశారు. దశాబ్దాల పని అది. 2013లో పైకెళ్ళిన గాయా అనే ఉపగ్రహం ఒక్కటే దాదాపు 180 కోట్ల నక్షత్రాల్ని కొలిచి పెట్టింది. అలా కూర్చుని చుక్కలు కొలిచే ఉద్యోగం పోయింది. ఖగోళశాస్త్రం పోయిందా? అన్ని కోట్ల అంకెలు ముందున్నాక వాటిని ఏ ప్రశ్న అడగాలో తెలిసినవాళ్ళకి చేతినిండా పని దొరికింది.

ఏఐ సంగతీ చూడు. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకి వచ్చింది, ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాం చేసినందుకు. ఆ ప్రోగ్రాం ఎక్కడ నేర్చుకుంది? 1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంక్ దగ్గర. యాభై ఏళ్ళపాటు ఎన్నో దేశాలవాళ్ళు ప్రొటీన్లని స్ఫటికాలుగా పెంచి, వాటిలోంచి ఎక్స్‌రేలు పంపి, ఒక్కో ఆకారాన్నీ తేల్చి అందులో జమచేస్తూ వచ్చారు. ఒక్క ప్రొటీన్ తేలడానికి ఏళ్ళు పట్టిన సందర్భాలున్నాయి. ఆ కొలతలు తప్పుల తడకగా ఉండుంటే ఆల్ఫాఫోల్డూ లేదు, నోబెలూ లేదు. మెషీన్‌కి నేర్పడానికైనా సరైన లెక్క ఎవరో ఒకరు తీసి పెట్టాలి.

అన్నయ్య చెప్పిన నిజమేమిటంటే, ఇంకొకరు చెప్పింది కోడుగా మార్చడం తప్ప మరేమీ రానివాళ్ళకి ముందుముందు ఇబ్బందే. అలాగని సీఎస్‌ఈ తప్పని నేననను. కాకపోతే కాలేజీ బోర్డు మీద సీఎస్‌ఈ పక్కన ఏఐ-ఎంఎల్ అని చేర్చగానే సీటు రేటు పెరగడం చూస్తే నవ్వొస్తుంది. ఆ ఏఐ లోపల నడిచే లెక్కకి పునాది నీ ఇంటర్ పుస్తకాల్లోనే ఉంది. మాట్రిసెస్, ప్రాబబిలిటీ, డెరివేటివ్స్. వాటిని ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీపట్టి దాటేసినవాడిని ఏ బ్రాంచి పేరూ కాపాడదు.

ఇప్పుడు మీ షాపులోకి వద్దాం. నాన్న పని తగ్గించిన ఆ రిమోట్ ఫ్యాన్ గురించి నీ నోట్‌బుక్‌లో ఒక్క ముక్కయినా ఉందా? కొత్త టెక్నాలజీ ఎక్కడో అమెరికాలో ఉందనుకుంటున్నావు. అది మీ గుమ్మం దాకా వచ్చి, మీ నాన్న గల్లాపెట్టె మీద చెయ్యి వేసింది కూడా.

షాపుకొచ్చే మామూలు ఫ్యాను, కూలరు మోటారు, బోరు మోటారు, వీటిలో వేటిలోనూ శాశ్వత అయస్కాంతం ఉండదు. తిరిగే భాగానికి వైరు కనెక్షనూ ఉండదు. కరెంటు వెళ్ళేది కదలకుండా ఉండే కాయిల్‌కి, తిరిగేది రోటరు. మరి రోటర్‌కి కరెంటు ఎవరిచ్చారు? ఈ ప్రశ్న వేస్తే ఇంజినీరింగ్ పిల్లల్లోనూ చాలామంది తల గోక్కుంటారు. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇది, నీ సెకండియర్ ఫిజిక్స్‌లో ఉంది. కాయిళ్ళలో మారుతూ ఉండే కరెంటు వల్ల అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. ఆ తిరిగే క్షేత్రం రోటర్‌లోని అల్యూమినియం కడ్డీల్లో కరెంటు పుట్టిస్తుంది. కెపాసిటర్ పోయిన ఫ్యాను గుర్రుమంటుంది గానీ తిరగదు, ఎందుకు? చేత్తో కాస్త తిప్పి వదిలితే మళ్ళీ అందుకుంటుంది, అదెందుకు? మీ నాన్నకి ఇది చేతికి తెలుసు. నీకు లెక్కతో తెలియాలి.

రిమోట్ ఫ్యాన్ కథ వేరు. దాన్ని బీఎల్‌డీసీ అంటారు. రోటర్‌కి అయస్కాంతాలు అతికించి ఉంటాయి. రోటర్ ఏ క్షణానికి ఎక్కడుందో కనిపెడుతూ, ఒక చిన్న బోర్డు కాయిళ్ళకి వరసగా కరెంటు అందిస్తుంది. మామూలు ఫ్యాను 75 వాట్ల దాకా తింటే ఇది 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. పాడైతే ఎక్కువగా పోయేది బోర్డే. బోర్డు పోతే వైండింగ్ షాపుకి పనేముంటుంది?

ఎలక్ట్రిక్ స్కూటర్లలో చాలావాటికి మోటారు ఈ కుటుంబానిదే. అయస్కాంతాలు ఇంకా బలమైనవి వాడతారు, నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసేవి. ఇవి 1980లలో వచ్చాయి. బాగా వేడెక్కితే వీటి బలం పడిపోతుంది. పడిపోకుండా డిస్ప్రోసియం లాంటి మూలకాన్ని కొద్దిగా కలుపుతారు. ఈ మూలకాల శుద్ధిలో చైనాదే పైచేయి. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం డిస్ప్రోసియంతో సహా కొన్నిటి ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టగానే మన బండ్ల కంపెనీలకి టెన్షన్ పట్టుకుంది. డిస్ప్రోసియం లేకుండా వేడికి తట్టుకునే అయస్కాంతం చేయగలమా? అసలు అయస్కాంతం లేని మోటారునే అంత పొదుపుగా నడిపించగలమా? ఎన్నో ల్యాబులు ఇప్పుడు తలలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నలివి. ఏ మూలకం ఏ పాళ్ళలో కలిపితే బాగుంటుందో ఏఐ కొంతవరకు వడపోసి పెడుతుంది. కరిగించి, పొడిచేసి, అచ్చులో నొక్కి, కాల్చి, కొలిచి చూడాల్సింది మాత్రం ల్యాబులోనే.

లోహాల మీద పనిచేసే పెద్ద సంస్థలు మీ ఇంటికి ఏమంత దూరం కావు. కంచన్‌బాగ్‌లో డీఎంఆర్‌ఎల్, మిధాని ఉన్నాయి. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది. ఇంత దగ్గరగా ఉండి కూడా నీ పదకొండు కలల్లో మోటారు లేదు, అయస్కాంతం లేదు, లోహం లేదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారుగా, అలాగే ఉంది.

నిన్ను మోటార్ల దగ్గరే ఉండిపొమ్మనడం లేదు. నోట్‌బుక్ తీసి, ప్రతి కల పక్కనా ఆ పని చేసేవాళ్ళకి మామూలు రోజు ఎలా గడుస్తుందో రాయి. జీన్ ఎడిటింగ్ అంటే పైపెట్ పట్టుకుని చుక్క చుక్క కొలవడం, పెంచిన కణాలు చచ్చిపోతే మళ్ళీ పెంచడం. ఫ్యూజన్ అంటే వాక్యూమ్‌లో ఎక్కడ లీకవుతోందో వెతకడం, పెద్ద పెద్ద కాయిళ్ళు చుట్టడం (చూశావా, అక్కడా కాయిళ్ళే). క్వాంటమ్ అంటే బోలెడు లీనియర్ ఆల్జీబ్రా, లేకపోతే గడ్డకట్టించే చలి పుట్టించే యంత్రం లోపల వైరింగు. వీటిలో ఏ విసుగు నీకు విసుగనిపించదో ఆ కలని అట్టేపెట్టుకో. మిగతావాటి గురించి సరదాగా చదువుకోవచ్చు, ఎవరొద్దన్నారు!

ఇది ఇంట్లో కూర్చుంటే తేలదు. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ మూడూ మన ఊళ్ళో ఉన్న సీఎస్‌ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ) ల్యాబులే. సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం, ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినం. ఆ రోజుల చుట్టూ ల్యాబులు విద్యార్థుల్ని లోపలికి రానిస్తుంటాయి. వెళ్ళు. స్టేజీ మీద మాట్లాడే పెద్దవాళ్ళ కోసం కాదు. పోస్టర్ పక్కన నిలబడిన పీహెచ్‌డీ అక్కనో అన్ననో పట్టుకుని, నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు అని అడుగు. వాళ్ళు నవ్వి నిజం చెప్పేస్తారు.

నాన్న మాటని కొట్టిపారేయకు. సైన్స్ దారి పొడుగు. ఐసర్‌లో (సైన్స్ చదువుకీ, పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థ) బీఎస్-ఎంఎస్ ఐదేళ్ళు, ఆ తర్వాత పీహెచ్‌డీకి ఇంచుమించు ఇంకో ఐదేళ్ళు. నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. పస్తులుండక్కర్లేదు, అంతవరకే. నీకు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి క్లాస్‌మేట్లు ఫ్లాటుకి ఈఎంఐలు కడుతుంటారు, నువ్వింకా థీసిస్ రాస్తుంటావు. ఆ తర్వాత కూడా పర్మనెంట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఇంట్లో చిన్నవాళ్ళ చదువు నీ మొదటి జీతం మీద ఆధారపడి ఉంటే ఇంజినీరింగ్ వైపు వెళ్ళు, తప్పేమీ లేదు. అక్కణ్ణుంచి గేట్ రాసి రీసెర్చ్‌కి వచ్చేవాళ్ళు ఎంతోమంది.

నన్నడిగితే, ఐసర్ సీటు గానీ, ఐఐటీ హైదరాబాద్‌లో మెటీరియల్స్, ఇంజినీరింగ్ ఫిజిక్స్ లాంటిది గానీ వస్తే ఇంకేమీ ఆలోచించకుండా చేరు. ఫిజిక్సే కావాలి, ఊళ్ళోనే ఉండాలి అనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, దానికి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇవేవీ కుదరకపోతే ఉస్మానియా, జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీల్లో ఎలక్ట్రికల్ చూడు. డొనేషన్ కట్టి ఊరవతల ఏదో కాలేజీలో ఏఐ-ఎంఎల్ సీటు కొనడం కన్నా అది మేలు. ఈ మాట అందరికీ చెప్పను. చుట్లు లెక్కపెట్టడానికి విసుగు రాని నీకు చెబుతున్నాను.

ఇదంతా నాన్నకి మాటల్లో చెబితే తలకెక్కదు. దసరా సెలవుల్లో ఎవరైనా పారేసిన రిమోట్ ఫ్యాన్ ఒకటి తెప్పించి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని విప్పు. ప్లగ్గు తీసినా బోర్డు మీది కెపాసిటర్‌లో కాసేపు ఛార్జి ఉంటుంది, తొందరపడి వేలు పెట్టకు. పోయింది బోర్డా, కాయిలా అన్నది ముందు తేల్చు. కాయిల్ నుంచి వచ్చే మూడు వైర్లనీ బోర్డు నుంచి విడదీసి, రెండేసి చొప్పున మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడు. మూడు జతల్లోనూ ఒకే రీడింగ్ వస్తే చాలావరకు కాయిల్ బాగానే ఉన్నట్టు. బోర్డు సామాన్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఫ్యాను మళ్ళీ తిరిగితే షాపుకి కొత్త పని వచ్చినట్టే. తిరక్కపోయినా నువ్వు దేని గురించి మాట్లాడుతున్నావో ఆయన కళ్ళతో చూస్తాడు. సైన్స్ చదివినవాళ్ళు మా ఇంట్లో లేరు అన్నావుగా, వైండింగ్ చేసే మనిషి పక్కనుంటే నీకు అంతకన్నా మంచి ల్యాబ్ పార్ట్‌నర్ ఎవరు దొరుకుతారు?

పరీక్షల విషయానికొస్తే, జేఈఈ, ఎప్‌సెట్ ఎలాగూ రాస్తావు. ఐసర్లకి మాత్రం ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష వేరే రాయాలి. మూడు గంటల్లో 60 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ తలా 15. బయాలజీ పేరు చూసి ఎంపీసీ పిల్లలు చాలామంది ఫారమే నింపరు. నువ్వు నింపు. నీ బలం మిగతా 45లో ఉంది. గుజరాతీ గల్లీకి వెళ్ళినప్పుడు అక్కడే కోఠిలో సెకండ్ హ్యాండ్ షాపుల్లో ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకాలు రెండూ కొనుక్కుని, కణం, జన్యువుల చాప్టర్లు ముందు చదువు. తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది కాబట్టి బయాలజీలో గుడ్డిగా పెట్టకు, తెలిసినవి మాత్రమే పెట్టు.